తాంతి ఫ్లోరికా ఇచ్చిన గిన్నె

మా చిన్నప్పుడు కిటికీ తీస్తే గడ్డివాములే కనిపించేవి... మన కృష్ణా జిల్లావి కావు, రుమేనియావి. మధ్యలో పొడుగాటి కర్ర పాతి, దాని చుట్టూ గడ్డి పేర్చేవాళ్ళు. నాన్న అక్కడి నూలు మిల్లులో ఇంజనీరు. చిన్న ఊరు, పేరు చెప్పినా మీకు తెలియదు. ఊరు దాటితే వాగు, ప్లమ్ తోటలు, ఆపైన కొండలు... అంతే.

పక్కింట్లో తాంతి ఫ్లోరికా ఉండేది. తాంతి అంటే అక్కడ ఆంటీ అని. ఒక్కగానొక్క కొడుకు వాగులో మునిగి చనిపోయాడు, ఒంటరి మనిషి. నేను బడి నుంచి రాగానే రొట్టె మీద ప్లమ్ జామ్ దట్టంగా రాసి పెట్టేది. అమ్మకు ఆ భాష రాదు, ఆవిడకు తెలుగు రాదు... అయినా ఇద్దరూ కంచె దగ్గర అంతసేపు ఏం మాట్లాడుకునేవాళ్ళో దేవుడికే తెలియాలి.

ఒకరోజు నేను బడిలో ఉండగా, ఆవిడ కంచె మీదుగా అమ్మకు కొత్త పింగాణీ గిన్నె అందించిందట. నిండా ఉడికించిన గోధుమలు, పంచదార, అక్రోట్లు... పక్కన చిన్న కొవ్వొత్తి. ఏదో పండగ అనుకుంది అమ్మ. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా మనకు... మర్నాడు దాన్ని కడిగి తుడిచి, నిండా నిమ్మకాయ పులిహోర పెట్టి తీసుకెళ్ళింది.

తాంతి గిన్నె వంక చూసి తలుపు వేసేసుకుందట. ఆ తర్వాత మాతో మాట్లాడలేదు. నేను వెళ్ళి కొట్టినా తలుపు తీయలేదు. మేం ఇండియా వచ్చేసే రోజున కూడా బయటికి రాలేదు.

"మన చేతి వంట తినాలంటే నామోషీ. తెల్లతోలు పొగరు," అంది అమ్మ. ఆ మాట అమ్మ మనసులో రాయిలా ఉండిపోయింది. ఇప్పుడు సింగపూర్‌లో, టాంపినీస్‌లో నా దగ్గరే ఉంటోంది. ఎదురు ఫ్లాట్ మలయ్ ఆంటీ పండక్కి కుకీలు తెస్తే, గుమ్మంలోంచే పంపేసింది. ఆ ఆంటీ మళ్ళీ రాలేదు.

మొన్న వన్-నార్త్‌లో ఉన్న మా ఆఫీసులో పనిచేసే రుమేనియా అమ్మాయి ఆనా, చనిపోయిన తన అమ్మమ్మ పేరు మీద తలా ఒక కొత్త కప్పు, అందులో కేకు ముక్క ఇచ్చింది. తినేసి, కప్పు కడిగి ఇవ్వబోయాను.

"నో లా, కప్పు కూడా నీదే," అంది ఇక్కడి వాళ్ళ యాసలో. "పోయినవాళ్ళ పేరున ఇస్తే గిన్నెతో సహా ఇచ్చేస్తాం. తిరిగిచ్చేస్తే అది వాళ్ళకు చేరనట్టే."

అయితే తాంతి ఇచ్చిన ఆ గోధుమలు ఆవిడ కొడుకు కోసం... అమ్మ వాటిని వాడికి చేరనివ్వలేదు, పైగా గిన్నెలో పులిహోర పెట్టి మరీ తిరిగిచ్చేసింది.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మకు ముందు కోపమే వచ్చింది. "నోరు తెరిచి ఒక్క ముక్క చెబితే ఏం పోయేదే ఆవిడకి?" అంది. కాసేపటికి, "బిడ్డను పోగొట్టుకున్నదాని గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డానే," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అన్నం తినలేదు.

ఆనా ఆ ఊరి వాళ్ళ ద్వారా కనుక్కుంది. తాంతి పోయి చాలా ఏళ్ళయిందట.

నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియడం లేదు. ఇన్నేళ్ళు ఇద్దరు మంచి మనుషులు ఒకరినొకరు చెడ్డవాళ్ళనుకుంటూ బతికేశారు... ఇప్పుడు మా అంతస్తులో ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టరు, అపార్థాలకు కూడా చోటు లేదు.

కారణం చెప్పకుండా మీ చిన్నప్పుడు తలుపు వేసేసుకున్నవాళ్ళు ఉంటే రాయండి... వాళ్ళింకా బతికుంటే మాత్రం ఇక్కడ రాయకండి, వెళ్ళి అడగండి.