ఉభాల వేళ ఆగిన గంట

మొన్న విజయనగరంలో పెన్షన్ పని మీద బ్యాంకుకి వెళితే, వరసలో నా వెనక నిలబడిన పెద్దమనిషి ఒకాయన పక్కవాడితో అంటున్నాడు: టీచర్లకి ఎంత పెంచినా చాలదు, లెక్క అడిగితే మాత్రం జెండా పట్టుకుని రోడ్డెక్కుతారు అని. నాకు ఒళ్లు మండింది. నోరు తెరిచేలోగా నా వంతు వచ్చేసింది. అక్కడ అనలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నేను సమ్మె చేసింది ఒక్కసారే, అరవై ఎనిమిది శ్రావణంలో. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్లు నిండలేదు. సాలూరు రోడ్డు మీద బస్సు దిగి, ఏరు దాటి, పొలం గట్ల వెంట నడిస్తే వచ్చే ఊరు. పంచాయతీ సమితి బడి. అయిదు తరగతులకి ఇద్దరం టీచర్లం, పెద్ద మాస్టారూ నేనూ.

మా జీతం సమితి నుంచి రావాలి. ఏ నెలది ఏ నెలలో వస్తుందో చెప్పగలిగినవాడు లేడు. ఆ ఏడు మే నెల జీతం ఆగస్టు వచ్చినా అందలేదు. దానికి తోడు, టీచర్లు సక్రమంగా బడికి వచ్చారని ఊరి పంచాయతీ ప్రెసిడెంటు సంతకం పెడితేనే బిల్లు కదిలేది. దాన్ని జవాబుదారీ అన్నారు. జవాబు చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు. బడికి నేను ఒక్కరోజు ఆలస్యంగా వెళ్లి ఎరగను. కాని మా ప్రెసిడెంటు ఆ సంతకం కోసం ఏనాడూ బడి గడప తొక్కలేదు. పిల్లలకి ఎక్కాలు వచ్చాయా అని అడగలేదు. పెద్ద మాస్టారు వెళ్లి ఆయన అరుగు మీద కూర్చుని ఎరువుల అప్పుకి దరఖాస్తులూ శిస్తు అర్జీలూ రాసిపెడితే సంతకం పడేది. రాయకపోతే ఆయనకి కలం దొరికేది కాదు.

జీతం మొదటి వారంలో ఇవ్వాలి, ఆ సంతకం తీసెయ్యాలి అని సమితిలోని టీచర్లందరం బళ్లు మూసేశాం. మొదటిరోజే ప్రెసిడెంటు మా ఇద్దరినీ పిలిపించాడు. అరుగు నిండా రైతులున్నారు.

"వానొచ్చినా రాకపోయినా రైతు దుక్కి దున్నతాడు. రైతు ఎప్పుడైనా సమ్మె సేసినాడేటి మాస్టారూ? మీరు ప్రెజల సొమ్ము తింతన్నారు, ప్రెజలకి జవాబు సెప్పాల" అన్నాడు.

"చెప్తాం బాబూ. ముందు తిననివ్వండి, తిన్నాక చెప్తాం" అన్నారు పెద్ద మాస్టారు.

అరుగు మీద నలుగురు నవ్వారు. ప్రెసిడెంటు నవ్వలేదు.

ఇక్కడ మా బడి గంట గురించి చెప్పాలి. వసారా దూలానికి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది. దాన్ని ఇనప కడ్డీతో కొడితే ఏటి అవతలికి కూడా వినిపించేది. ఊళ్లో గడియారాలు మూడే: ప్రెసిడెంటుది, పెద్ద మాస్టారిది, ట్రైనింగ్ పాసయ్యాక మా నాన్న కొనిచ్చిన నా చేతి వాచీ. వీధిలోకి వినిపించే ప్రెసిడెంటు ఇంటి రేడియోతో నేను రోజూ దాన్ని సరిచూసుకునేదాన్ని. అందుకని గంట నాకు అప్పగించారు. ఆ గంట పిల్లలకి మాత్రమే కాదు. వరి నాట్లని మా వైపు ఉభాలంటారు. ఉభాలకి దిగిన ఆడకూలీలు పన్నెండు గంట వినపడగానే గట్టెక్కి అంబలి తాగేవారు, చంటిపిల్లల తల్లులు పాలిచ్చుకునేవారు. సాయంత్రం గంటకి చేలోంచి బయటికి వచ్చేవారు. ఎవరూ ఆర్డరు వెయ్యలేదు. గంట పడితే గట్టెక్కడం, అంతే. రైతులకీ అదే వాడుక.

సమ్మెతో గంట ఆగింది. పైగా మబ్బు పట్టిన శ్రావణం, నీడ చూసి పొద్దు చెప్పడానికి కూడా లేదు.

మూడోరోజు దీపాలు పెట్టే వేళ, ప్రెసిడెంటు పొలం నాట్లలో ముందు వరస పట్టే మనిషి నా గది ముందుకి వచ్చి నిలబడింది. చంకలో ఏడాది నిండని కూతురు. కాళ్లకి బురద ఇంకా ఆరలేదు.

"టీచరమ్మా, మీ జీతానికి మీరు గంట ఆపీసినారు. బాగానే ఉన్నాది. గట్టు మీద నా పిల్ల గుక్కెట్టి ఏడస్తన్నాది. లెగిస్తే, గంట పడనేదు కదే, ఎక్కడికెల్తావు అంతన్నాడు పెసిడెంటు బాబు."

చేతికి గడియారం ఉన్న మనిషి ఆ మాట అన్నాడు.

తెల్లారగానే పెద్ద మాస్టారితో, కూలీల కోసం గంట కొడతానని చెప్పాను. అది బడి గంట, మోగితే బడి తెరిచినట్టే, చుట్టుపక్కల ఊళ్లలో మూసినవాళ్లకి నేనేం చెప్పను అన్నారు. ఊరంతా వాడుకుంటున్నప్పుడు మనం వద్దనలేదు కదా అన్నాను. ఆయన కండువా సర్దుకుని, "కొడితే మీరు మాతో లేనట్టేనమ్మా" అన్నారు.

ఆ మధ్యాహ్నం వెళ్లి కొట్టాను. పలకలు పట్టుకుని పరిగెత్తుకొచ్చిన పిల్లల్ని ఇళ్లకి పంపేశాను. చేలో నడుములు లేచాయి, వరస విడిపోయి గట్టు వైపు నడిచింది. గొడుగు కింద నిలబడ్డ ప్రెసిడెంటు బడి వైపు తిరిగి చూశాడు.

రోజూ రెండే గంటలు కొట్టాను, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. పెద్ద మాస్టారి ఇంటి నుంచి నాకు వచ్చే మజ్జిగ ఆగిపోయింది. పక్క ఊళ్లో టీచర్ల మీటింగులో నన్ను గోడమీది పిల్లి అన్నారట. నాలుగు పక్కలా నేను నమ్మినవాళ్లే ఉండి, ఒక్కరూ నాతో మాట్లాడని రోజులవి.

తరవాతి వారం సమితి నుంచి ఆఫీసరు వచ్చాడు. ప్రెసిడెంటు వెంటబెట్టుకుని తెచ్చాడు. నేను పన్నెండు గంట కొట్టి కడ్డీ కింద పెడుతున్నాను. మా టీచరమ్మ నిజాయితీ గల మనిషి, సమ్మెలో కూడా బడి నడిపింది, ఈమెకి పూర్తి జీతం ఇచ్చి ఆ మాస్టారికి మెమో ఇవ్వండి అంటున్నాడు ప్రెసిడెంటు. ఆయన బడి గడప తొక్కడం నేను చూసింది అదే మొదటిసారి.

నేను బడి నడపలేదు, సమ్మెలో ఉన్నాను అన్నాను.

"గంట కొట్టారా లేదా?" అన్నాడు ఆఫీసరు.

"కొట్టానండీ. పొద్దున్న గంట మాత్రం ఒక్కనాడూ కొట్టలేదు. పొద్దున్న గంట లేకుండా బడి ఎలా తెరుచుకుంటుంది?"

"మరి ఎవరి కోసం కొట్టినట్టు?"

నేను జవాబు చెప్పలేదు. చెబితే ఆ కూలీల పని పోతుంది. చెప్పకపోతే నా జీతం నా చేతికి వస్తుంది, పెద్ద మాస్టారికి మెమో వస్తుంది, బతికినన్నాళ్లూ నేను సమ్మె విరిచినదాన్ని అవుతాను. అప్పటికే ఆడవాళ్లు గట్టు దిగి బడి ముందుకి చేరారు. ఆ తల్లే ముందుకి వచ్చింది, పిల్ల ఇంకా పాలు తాగుతూనే ఉంది.

"మాకే కొట్టినాది బాబూ. గంట నేకపోతే ఈ బాబు మమ్మల్ని గట్టెక్కనివ్వడు. టీచర్లు వొచ్చినారని ఈ బాబు సంతకం పెడతాడు. మా పొద్దుకి ఎవులు పెడతారు సంతకం?"

ప్రెసిడెంటు వాచీ ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఆఫీసరు ఆయన వంక చూసి, నా వంక చూసి, సమ్మెలో ఉన్నట్టే రాసుకుంటానన్నాడు. అందరితోపాటు నాకూ ఆ రోజుల జీతం కోశారు. ఆ కోత నాకు దక్కించింది ఆమె.

తరవాత హామీ ఇచ్చారు, సమ్మె విరమించాం, పాత బాకీ వచ్చింది. సంతకం మాత్రం పోలేదు. ఆ ఏడు కలుపుకి ప్రెసిడెంటు ఆమెని పిలవలేదు. పిల్లని ఎత్తుకుని ఏరు దాటి వేరే ఊరు వెళ్లేది. ఏ సమితీ ఏ ఆఫీసరూ ఆయన్ని దానికి జవాబు అడగలేదు. బ్యాంకులో నా వెనక నిలబడిన పెద్దమనిషి కూడా అడగడు. ఆయనకి తెలిసిన జవాబుదారీ అంతా జీతగాళ్లదే.

బడి తెరిచాక మొదటి ఆదివారం గదిలో బియ్యం ఏరుకుంటున్నాను. ఆదివారం చేలో పని ఉండేది, గంట ఉండేది కాదు. ఆ రోజు గంట మోగింది. వీధిలోకి వచ్చి చూస్తే పెద్ద మాస్టారు, కండువా నడుముకి బిగించి పట్టా ముక్కని కొడుతున్నారు. నన్ను చూసి, మజ్జిగ ఇంటి దగ్గర ఉంది, వచ్చి తీసుకెళ్లమ్మా అన్నారు.

నా వాచీలో పన్నెండుకి ఇంకా నాలుగు నిమిషాలు తక్కువ. మజ్జిగకి గిన్నె తెచ్చుకున్నాను.