రొయ్యల మీద పడ్డ నింద

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో దివిసీమలో, పాలకాయతిప్పకు వెళ్లే దారిలో ఉన్న ఓ ఊరి ఆసుపత్రిలో డాక్టరుగా చేరాను. ఆ చలికాలం పక్కనే ఉన్న జాలరిపేటలో ఒక పెళ్లి జరిగింది. భోజనాలైన మర్నాటికల్లా పేటలో సగంమంది వాంతులు, విరేచనాలతో మా వరండాలో చాపల మీద ఉన్నారు. సెలైన్ సీసాలు కిటికీ ఊచలకు కట్టాం. అందరూ కోలుకున్నారు గానీ, నింద మాత్రం పెళ్లికి రొయ్యలు అమ్మిన ముసలావిడ మీద పడింది. ఊరంతా అత్తా అని పిలిచే మనిషి.

"కుళ్లినవి పోసింది" అన్నారు. ఆవిడ గంప దగ్గర ఇక ఎవరూ ఆగలేదు.

"పొద్దున పట్టినవేనమ్మా. నేనూ తిన్నాను, నాకేం కాలేదు. మీరైనా చెప్పండి" అంటూ ఆసుపత్రికొచ్చి కూర్చుంది.

"తెలుసుకోకుండా ఎలా చెప్పను అత్తా?" అన్నాను.

హైదరాబాదులో నా క్లాస్‌మేట్ ఒకావిడ ఇలా వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్‌ల మీదే పని చేస్తోంది. అడిగితే, విరేచనాల శాంపిళ్లు ఐస్‌లో పెట్టి పంపమంది. ఐసూ, థర్మాకోల్ పెట్టె అత్తే తెచ్చిచ్చింది. మోపిదేవి మొక్కుందని నీచు ముట్టకుండా పెరుగన్నం మాత్రమే తిన్నా జబ్బుపడ్డ ఒక మామ్మ దగ్గరా శాంపిల్ తీసుకున్నాను. పెళ్లికొడుకు అన్నగారి పసివాడు పెళ్లికి ముందే విరేచనాలతో మా దగ్గరికొచ్చాడు. వాడి దగ్గరా తీసుకున్నాను. పెట్టె బందరులో రైలెక్కించాను.

చాన్నాళ్లకు ఫోనొచ్చింది.

"అందరిలోనూ నోరోవైరస్సే. జన్యువుల వరస కూడా అచ్చం ఒకటే. మామ్మదీ, పిల్లాడిదీ కూడా."

"అయితే పిల్లాడి నుంచే వచ్చిందా?"

"ఎవరి నుంచి ఎవరికొచ్చిందో జన్యువులు చెప్పవు. అంతా ఒకే వైరస్ అని చెప్తాయి. ముందు ఎవరు జబ్బుపడ్డారో నీకు తెలుసుగా."

నా సంతోషం అక్కడే ఆగింది. పెళ్లిలో పెరుగన్నం కలిపింది ఆ పసివాడి తల్లే. అత్త మీది నింద తీసి ఈ పిల్లతల్లి మీద వెయ్యాలా?

ముందు వాళ్లింటికే వెళ్లాను. విషయం వినగానే ఏడ్చింది. "చేతులు కడుక్కున్నానండీ డాక్టరు గారూ!"

"ఉత్త నీళ్లకి అది పోదమ్మా. సబ్బుతో బాగా రుద్దాలి. నీకా సంగతి ఎవరూ చెప్పలేదు. నీ మాట పేటలో ఎత్తను."

కొంగుతో మొహం తుడుచుకుని, "అత్తకి మాత్రం నేనే చెప్పాలండీ" అని లేచింది. ఇద్దరం వెళ్లాం.

"అత్తా, నీ రొయ్యలు కాదంట. నా చేతులంట."

అత్త ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. "పసోడికి విరేచనాలైతే తల్లి కడక్క ఎవరు కడుగుతారే? ఊరుకో." నా వైపు తిరిగి, "ఈ పిల్ల మాట ఎక్కడా ఎత్తమాకండమ్మా. రొయ్యలు మంచియ్యని చెప్పండి, చాలు" అంది.

అలాగే చెప్పాను. రొయ్యలు తినని మామ్మకీ అదే వైరస్ వచ్చిందనీ, అది మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందనీ, సబ్బుతో చేతులు కడుక్కోమనీ చెప్పాను. కొందరు నమ్మారు. కొందరు తలూపి వెళ్లిపోయారు. మర్నాడు గిన్నె పట్టుకుని అత్త గంప దగ్గరికి మొదట వచ్చింది ఆ పిల్లే. మెల్లగా మిగతావాళ్లూ వచ్చారు.

నాకు గుడివాడ బదిలీ అయ్యేనాటికి కూడా ఒకటి రెండిళ్లవాళ్లు అత్త దగ్గర కొనడం లేదు. ఆ మాట అడిగితే నవ్వేసింది. "పోనీండమ్మా, ఎండుచేపలు తిననీండి."