నీడ నాటకంలో తుమ్మ ముల్లు

ఆ రోజుల్లో నాకు వెలుతురంటే చిన్నచూపు. పామిడిలో కొత్తగా పంతులుద్యోగంలో చేరిన ఇరవై రెండేళ్ల వాణ్ణి. ఆదివారాలు గుంతకల్లుకు పోయి నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమాలు చూసి (మాటలు సరిగా అర్థమయ్యేవి కావు, అందుకే నీడలమీద ఎక్కువ దృష్టి పెట్టగలిగాను), మనిషి అసలు స్వరూపం సగం చీకట్లోనే కనబడుతుందని తీర్మానించుకున్నాను. ఆ జ్ఞానంతో బడి వార్షికోత్సవానికి ఒక నాటకం రాశాను. పాడుబడ్డ బంగళా, కిర్రుమనే తలుపు, ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకడు రెండోవాణ్ణి చంపుతాడు (ఎందుకో నాకూ తెలియదు; తెలియకపోవడమే లోతు అనుకున్నాను). చచ్చేవాణ్ణి నేను. చంపేవాడు నాతో ఒకే గదిలో ఉంటున్న డ్రిల్లు మాస్టరు.

స్నేహితుణ్ణి ఊరికే ఎట్లా చంపుతారని అతను అడిగితే, కళ గురించి అరగంట చెప్పాను. అతను ఇంకా నసుగుతుంటే, నీ మొహం ఎవరికీ కనబడదులే, నీ నీడ చాలు నాకు అనేశాను. ఆ మాట అతనికి గట్టిగా తగిలింది. పది రోజులపాటు రిహార్సల్సుకు వచ్చాడు గానీ గదిలో నాతో మాట్లాడలేదు, కలిసి తినలేదు. పాత్రకు పనికొస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఎదురుగా ఎవరూ లేకుండా అన్నం తినడం మాత్రం కష్టంగానే ఉండేది.

తెల్ల దుప్పటి కట్టి, వెనక గ్యాసు లైటు పెట్టాం. బంగళా పాడుబడినట్టు కనబడాలని తుమ్మ కంపలు నేనే పరిపించాను. ఆఖరి రంగంలో అతను దీపం వైపు జరిగేకొద్దీ దుప్పటి మీద నీడ తాటిచెట్టంత పెరిగింది. జనం ఊపిరి బిగబట్టారు. నేను అనుకున్న ప్రకారం భయంతో వెనక్కి అడుగు వేసి, అనుకోని ముల్లు తొక్కాను. అరికాల్లో సగం దాకా దిగింది. నా కేకకు ముందు వరుసలో పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. అతను చెక్క కత్తి పారేసి, కింద కూలబడి, నా కాలు ఒళ్లోకి లాక్కున్నాడు. అదంతా దుప్పటి మీద నిలువెత్తున కనబడుతూనే ఉంది.

“ముందు నన్ను చంపు, తర్వాత తీద్దువు” అని గొణిగాను.

“ఉండప్పా, చంపుతా. కదిలితే ముల్లు ఆడనే విరుగుతాది” అన్నాడు.

నాటకం మాటలు కాకుండా, పది రోజుల తర్వాత నాతో అతను అన్న మొదటి మాట అది. డ్రిల్లు గొంతు కాబట్టి ఆఖరి వరుస దాకా వినబడింది. జనం నవ్వుతుండగానే ఒక అవ్వ దుప్పటి తొలగించుకుని లోపలికొచ్చి, తన దగ్గరున్న పిన్నీసు అతని చేతిలో పెట్టింది. ముల్లు బయటికొచ్చేసరికి చప్పట్లు మోగాయి. ముగింపు చాలా నీతిదాయకంగా ఉందని హెడ్మాస్టరు నన్ను మెచ్చుకున్నారు.

మర్నాడు అతను ఉప్పుమూట వేడిచేసి నా కాలికి కాపడం పెడుతుంటే, హంతకుడికి జాలి ఉండకూడదనీ, నా నాటకం నాశనం చేశాడనీ పాఠం చెప్పాను. అతను ఊ కొడుతూ మూటను పెనం మీద అద్దుతూనే ఉన్నాడు. అప్పటి నాలోని ఆ ఇరవై రెండేళ్ల వాడి మీద ఇప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది. మనిషి లోతుల గురించి అంతసేపు మాట్లాడాడు గానీ, చెయ్యి కాలుతోందా అని ఒక్కసారీ అడగలేదు.