ఆరు సిలిండర్ల బండి, మా అవ్వ కోపం

నా చిన్నప్పుడు జమ్మలమడుగులో మా ఇంటి ముందు ఒక బండి ఉండేది. దాన్ని లారీ అనాలో ట్రాక్టరు అనాలో నాకు ఈనాటికీ తెలియదు. మిషన్ బడిలో లెక్కలు చెప్పే మా తాతయ్యకు పాత ఇంజన్లంటే పిచ్చి. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి మిలిటరీ లారీ ఇంజను, ఆరు సిలిండర్లది, ప్రొద్దుటూరులో పాత ఇనుము అంగట్లో తుప్పు పడుతుంటే కొనుక్కొచ్చాడు. వెనక ట్రాక్టరు చక్రాలు, ముందు జీపు చక్రాలు వేయించి, చర్చిలో పక్కన పడేసిన బెంచీని సీటుగా బిగించాడు. అది మొదలైతే వీధిలో కోళ్ళు గోడలెక్కేవి.

మా అవ్వ దాన్ని తిట్టని రోజు లేదు. తిడుతూనే, ఆయన ముందువైపు హ్యాండిలు పెట్టి తిప్పి ఇంజను లేపడాన్ని వంటింటి గడపలోంచి చూస్తుండేది. హ్యాండిలు పట్టుకునేటప్పుడు ఐదు వేళ్ళూ ఒకవైపే ఉండాలని, బొటనవేలు చుట్టకూడదని తాతయ్య నాకు పదేపదే చెప్పేవాడు. ఇంజను ఎదురు తన్ని హ్యాండిలు గిర్రున వెనక్కి తిరిగితే చేయి జారి బయటపడాలి. లేదంటే మణికట్టు విరుగుతుంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు పులివెందులలో అవ్వ తమ్ముడి కూతురి పెళ్ళి వచ్చింది. "నీ బండ్లోనే పోదాం. నడిమధ్యలో ఆగిందా, ఇనుమోనికి అమ్మేయాల" అని అవ్వ తేల్చేసింది. తాతయ్య ఒప్పుకున్నాడు గానీ, ఆయన ముఖంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. మా నాన్న, నేను వెనక ఎక్కాం. అది ఆగకూడదని దారి పొడవునా ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

సింహాద్రిపురం దాటాక ఆగింది. తాతయ్య దిగి ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు తిప్పాడు. ఆఖరికి పళ్ళు బిగించి, బొటనవేలు చుట్టి మరీ పట్టుకున్నాడు. నాకు నేర్పినాయనే! ఇంజను ఎదురు తన్నింది. ఆయన మణికట్టు పట్టుకుని రోడ్డు మీదే కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

అవ్వ టవలుతో ఆయన చేతికి కట్టు కట్టింది. "ఇంజను కాలిపోతాంది. చల్లారనీకుండా తిప్పితే యాడ లేస్తాది?" అని చెట్టు నీడన కూర్చుంది. చాలాసేపటికి లేచి, చీర పైకి దోపి, ఐదు వేళ్ళూ ఒకవైపే పెట్టి హ్యాండిలును ఒక్క ఊపున పైకి లాగింది. బండి లేచింది. తెరిచిన నోరు తెరిచినట్టే మా నాన్న పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

మరుసటి వారం పాత ఇనుము కొనే అతను బండి కోసం వస్తే, అవ్వ గుమ్మంలోంచే పంపేసింది. నాకు బుర్ర తిరిగిపోయింది. ఆగితే అమ్మాలన్నది ఆమె, ఆగినదాన్ని లేపిందీ ఆమే. ఉండబట్టలేక, ఆ బండంటే నీకిష్టమా అని అడిగేశాను.

"ఇష్టమా! దాని మొగం. పడనిదాన్నే శానా కనిపెట్టుకోని ఉండాల పాపా. ఎప్పుడు తంతాదో తెలియాల గదా!" అంది. అంటూనే కొంగుతో దాని మీద దుమ్ము తుడిచింది.

అది కోపమో, ప్రేమో, బండి మీదో, తాతయ్య మీదో, డెబ్బై దాటినా నాకు తేలలేదు. మా ఇంట్లో ఎవరైనా ఒక వస్తువును రోజూ తిడుతుంటే మాత్రం, దాన్ని బయట పడేయడానికి నాకు చేతులు రావు. అది పోయాక ముందుగా ఏడ్చేది వాళ్ళేనేమో.