తోక తిరిగిన సాయంత్రం

వరదరాజులు కుడిచేతికి మూడు వేళ్ళే. మిగతా రెండింటిని రాయపురం చేపల రేవులో ఐసు నలగ్గొట్టే మిషను తినేసింది. ఆ రోజు చుట్టూ ఉన్న మగాళ్ళంతా రక్తం చూసి వెనక్కి జరిగితే, చేపలమ్మే అమ్మణి తెగిన వేళ్ళు ఏరి, తన గంపలో ఐసు మధ్య పెట్టుకుని, అతణ్ణి ఆటోలోకి తోసి ఆస్పత్రికి లాక్కుపోయింది. వేళ్ళు అతకలేదు.

"ఐసులో పెడితే వంజరం చేప రెండు దినాలుంటాది. నీ వేళ్ళు రెండు గంటలు కూడా నిలబళ్ళా. నాసి సరుకయ్యా నువ్వు" అంది ఆమె, కట్టు కట్టించుకుని బయటికొస్తుంటే.

అతను మంచివాడని రేవులో ఎవరూ అనరు. తాగితే కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. పెళ్ళాం రెండేళ్ళు తన్నులు తిని చూలై పేటలోని పుట్టింటికి పోయింది, మళ్ళీ రాలేదు. వచ్చి ఉంటే ఆమెదే బుద్ధితక్కువ. అమ్మణిని మాత్రం అక్కా అని పిలిచేవాడు. ఆమె ఎదురుగా చెయ్యెత్తేవాడు కాదు.

తొంభై ఏడు మార్చి మొదట్లో రేవు పెద్ద నాగప్పన్ పడవ వేటకు పోయి తిరిగి రాలేదు. అందులో ఇద్దరు, ఒకడు నాగప్పన్ సొంత తమ్ముడు. ఆ వారమంతా తెల్లవారుజామున సముద్రం మీద తోకచుక్క కనిపించేది. తల నీళ్ళకు కొంచెం పైన, తోక పైకి లేచి ఊరివైపు వాలి ఉండేది. తోకచుక్క తోక ఎవరింటివైపు చూపిస్తే చావు ఆ ఇంట్లోంచి బయల్దేరిందని రేవులో నమ్మకం. తోక చూపించినవైపు రైలుకట్ట, కట్ట పక్కన గుడిసెల వరస. ఆ వరసలో మగడు పోయి ఒంటరిగా ఉండేది అమ్మణి ఒక్కతే. ఇంకేం కావాలి.

శవం దొరకని మనిషికి నెల దాకా కర్మ చెయ్యరు. నాగప్పన్ రేవు మధ్యలో నిలబడి చెప్పాడు: "నెల చూస్తా. నా తమ్ముడు రాలేదంటే ఆ గుడిసె ఉండదు, ఆడ ఆ మనిషీ ఉండదు."

మరుసటి రోజు నుంచే ఆమె గంపలో చేప పేగులు పడ్డాయి. తర్వాత రాయి పడింది, కనుబొమ చీలింది. విసిరినవాణ్ణి వరదరాజులు వెతికి పట్టుకుని, జుట్టు దొరకబుచ్చుకుని మొహాన్ని ఐసు దిమ్మకేసి మూడుసార్లు కొట్టాడు. దిమ్మ ఎర్రబడింది. మర్నాడు గుడిసె మీద రెండు రాళ్ళు పడ్డాయి.

కొట్టడం ఒక్కటే తెలిసినవాడికి కొట్టినా పని జరగకపోతే ఏం చెయ్యాలో తోచదు. ఆదివారం చర్చి నుంచి చేపలకొచ్చిన రిటైర్డు సైన్సు మాస్టారు ఆరోగ్యసామిని ఐసు షెడ్డులోకి లాక్కొచ్చాడు.

"సార్, ఆ తోక ఎవరింటివైపు చూపిస్తాది?"

"ఎవరింటివైపూ కాదురా. సూర్యుడికి అవతలివైపు, అంతే." మాస్టారు కింద పడి మట్టీ ఊకా అంటుకున్న ఐసు ముక్క తీశాడు. "ఇదే తోకచుక్క. మురికి ఐసు. కాకుంటే ఈడినించి తిరువళ్ళూరు దాకా ఉంటాది. కోడిగుడ్డును సాగదీసినట్టుండే దోవలో తిరగతా ఉంటాది. ఆ కొసన సూర్యుడికి ఎంతో దూరం, నడక నిదానం. దగ్గరికొచ్చేకొద్దీ పరుగు. ఎండకు ఐసు ఆవిరైపోయి దుమ్ము లేస్తాది. దాన్ని సూర్యుడు అవతలికి తోస్తాడు. అదే తోక."

షెడ్డులో పెద్ద ఫ్యాను తిరుగుతోంది. మాస్టారు తడి తువాలు అతని చేతికిచ్చి ఫ్యాను ముందు నిలబెట్టాడు. తువాలు కొస వెనక్కి ఎగిరింది.

"ఇప్పుడు నువ్వు ఏ పక్కకు జరిగినా, ఫ్యాను నీ వైపు తిప్పితే కొస ఎటు పోతాది?"

"ఫ్యానుకు అవతలికే."

"ఫ్యానే సూర్యుడు. చుక్క తిరిగిపోయేటప్పుడు తోక ముందు, తల వెనక. ఇంకో పది పదిహేను దినాల్లో పొద్దున కనబడదు, సాయంత్రం పడమట కనబడతాది. అప్పుడు తోక ఎటో చూసుకో. ఇది ముందొచ్చి నాలుగు వేల ఏండ్లయింది. మీ నాగప్పన్ తమ్ముడి కోసం రాలా."

నెల నిండిన సాయంత్రం కర్మ ముగించుకుని నాగప్పన్ ముప్పై మందితో గుడిసె ముందుకొచ్చాడు. తెడ్లు, ఇనప కొక్కేలు. వరదరాజులు ఐసు సమ్మెటతో వాకిట్లో నిలబడ్డాడు. ముందుకొచ్చినవాడి మోచెయ్యి విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. తెడ్డొకటి చెవి మీద పడటంతో వరదరాజులు మోకాళ్ళ మీద కూలిపోయాడు. లేచి, నోట్లో రక్తం ఉమ్మేసి, పడమటి వైపు చెయ్యి చూపించాడు.

"ఆడ చూడండ్రా. మీ తోకచుక్క."

ఊరి మీద చీకటి పడుతోంది. తల కింద, ఇళ్ళ కప్పుల పైన. తోక పైకి లేచి సముద్రం వైపు తిరిగి ఉంది.

"నెల కింద ఈవైపు చూపించింది, అమ్మణక్క గుడిసె పీకాలంటిరి. ఈ పొద్దు సముద్రం పక్కకు చూపిస్తా ఉంది. ఆ పక్క ఎవరిల్లు ఉంది? పీకండి మరి."

వాళ్ళ మూర్ఖత్వం చూపించి సిగ్గుపడేలా చెయ్యాలని అతని ఆలోచన. ఎవరూ సిగ్గుపడలేదు. ముప్పై మందీ తోకవైపు చూశారు, తర్వాత నాగప్పన్‌వైపు చూశారు. సముద్రపు ఒడ్డున ఉన్న మేడ అతనిదొక్కటే.

"అన్నా, పడవా నీదే కదా" అన్నాడు చెయ్యి విరిగినవాడు, నెమ్మదిగా.

మొదటి రాయి నాగప్పన్ వీపుకు తగిలింది. అతను తన మేడకేసి పరిగెత్తాడు, గుంపు వెంటబడింది. వరదరాజులు తన తెలివిని తనే తిట్టుకుంటూ, సందులోంచి అడ్డదారిన పోయి వాళ్ళకంటే ముందు ఆ మేడ దగ్గరికి చేరాడు. అదే సమ్మెటతో, నాగప్పన్ లోపలికి దూరి వేసుకున్న తలుపుకు అడ్డం నిలబడ్డాడు. లోపల ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

"సూర్యుడికి అవతలివైపురా, అంతే" అని అరుస్తూనే ఉన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. ఇద్దరి తలలు పగిలాయి. ఇటుక ముక్క అతని మూతికి తగిలి రెండు పళ్ళు రాలాయి.

అప్పుడు అమ్మణి గుంపును చీల్చుకుంటూ వచ్చింది, చేపలు కోసే కత్తితో. వచ్చి అతని పక్కనే, తన గుడిసె పీకించబోయినవాడి గుమ్మంలో నిలబడింది. ఆమె కత్తికి ఎదురెళ్ళడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. కొంతసేపు తిట్టుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే తెడ్లు భుజాన వేసుకుని పోయారు.

తలుపు తెరుచుకుంది. నాగప్పన్ ఆమె మొహం చూడలేకపోయాడు.

"నీ గుడిసెలోనే ఉండుకో" అన్నాడు నేలకేసి చూస్తూ.

"నిన్ను అడగలా. పోయి ఆటో తీసకరా" అంది అమ్మణి. వంగి, మెట్ల మీద రక్తంలోంచి పళ్ళు ఏరింది. "లోపల ఐసుంటే ఇయ్యమను."

"వద్దక్కా" అన్నాడు వరదరాజులు, మూతి పట్టుకుని. "నాది నాసి సరుకు."