నా చేతులతో చేసిన బేస్ గిటార్

సొంతంగా గిటార్ చేసుకున్నానని చెప్పుకు తిరిగేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళలో మొదటివాణ్ణి నేనే కాబట్టి ఆ మంట ఇంకాస్త ఎక్కువ. తయారైన మెడ ఒక ఊరి నుంచి, తీగలు బిగించే చెవులు ఇంకో ఊరి నుంచి, శబ్దాన్ని పట్టే అయస్కాంతాల డబ్బీ మరో చోటి నుంచి కొరియర్‌లో తెప్పించుకుంటాం. నాలుగు వైర్లు అతికించి 'చేశాను' అంటాం. కొట్టులో పిండి కొని ఇడ్లీలు వేసినవాడు కూడా అంత మాట అనడు.

అరవనాట ధర్మపురి బస్టాండు దగ్గర నాది సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. కంటికి ఆనని భాగాలను భూతద్దం కింద పెట్టి టంకం వేసే పని. ఆ పని చేతనైనవాడికి లోకంలో మిగతా పనులన్నీ మోటుగా కనిపిస్తాయి. నాకు అలాగే కనిపించేవి.

సాయంత్రాలు పెళ్ళి రిసెప్షన్లలో సినిమా పాటలు వాయించే ఒక ట్రూపుతో తిరిగేవాణ్ణి. తిరగడమే, వాయించడం తక్కువ. వాళ్ళ బేస్ గిటార్ మనిషికి జ్వరం వస్తేనే నాకు అవకాశం. మిగతా రోజుల్లో వైర్లు చుట్టేవాణ్ణి, స్పీకర్లు మోసేవాణ్ణి. ఐదేళ్ళు అలా మోశాను. చివరికి ఆ మనిషి గిటార్‌తో సహా బెంగళూరు వెళ్ళిపోయాడు. ట్రూపును నడిపే పెద్దే కీబోర్డు వాయిస్తాడు. నన్ను పిలిచి అరవంలో చెప్పాడు.

"తంబీ, వచ్చే నెల పెన్నాగరంలో రిసెప్షన్ ఉంది. సొంత గిటార్‌తో వస్తే ఆ చోటు నీది. లేదంటే నా ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది."

అంటే బేస్ మోతను కీబోర్డు మీద ఎడమచేత్తో ఆయనే కానిచ్చేస్తాడన్నమాట. నాలుగు లావాటి తీగలతో పాట అడుగున నేను పోసే మోతకు ఆయన రెండు వేళ్ళు చాలునట! నాకు ఆ చోటు కావాలి. అంతగా నేను ఇంకేదీ కోరుకోలేదు.

కొనుక్కోవచ్చు. కానీ అప్పటికే లెక్కలేనన్ని వీడియోలు చూసి ఉన్నాను. కొనడం చేతగానివాళ్ళ పని అని తేల్చేశాను. విడిభాగాలు తెప్పించాను. ఇక కావలసింది వాటన్నిటినీ బిగించే చెక్క ఒళ్ళు మాత్రమే.

మా వీధి చివర వడ్రంగి పెద్దాయన ఉన్నాడు. దూరపు చుట్టరికం, మామా అని పిలుస్తాను. మాలాగే వాళ్ళకూ ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఊళ్ళో సగం ఇళ్ళ తలుపులు ఆయన చేతివే. తలుపు మొదలుపెట్టే ముందు టేపు పట్టుకుని కళ్ళు మూసుకుని ఏదో లెక్క వేస్తాడు. ఈ కొలతకు లక్ష్మి, ఈ కొలతకు రోగం, ఈ కొలతకు కోర్టు వ్యవహారం. అది చూసినప్పుడల్లా నాకు నవ్వు ఆగేది కాదు. మొహం మీదే నవ్వేవాణ్ణి.

అట్టముక్కలో కత్తిరించిన ఆకారం ఆయన ముందు పెట్టాను.

"దీనికి ఏం కట్టె కావాల అల్లుడా?"

వీడియోల్లో విన్న విదేశీ చెట్ల పేర్లు నాలుగు చదివాను.

"అవంతా ఈడ యాడ దొరుకుతాయి? పనస ఉండాది. బాగా ఎండింది. ఏసేదా?"

ఏదో దయతలచినట్టు సరే అన్నాను. ఆయన కోశాడు, చిత్రిక పట్టాడు, అంచులు గుండ్రంగా తీశాడు. మెడ కూర్చునే గాడిలో మెడ పెడితే మధ్యలో కాగితం కూడా దూరలేదు. అది నా అట్టబొమ్మ గొప్పదనం అనుకున్నాను. వెనకవైపు ఉలి తగిలిన చిన్న గీత ఒకటి కనిపించింది. తలుపులు చేసే చేతికి ఇంతకంటే నాజూకు ఎక్కడ వస్తుందిలే అనుకున్నాను. ఎంత నీచమైన కళ్ళు నావి!

మిగిలింది బ్రిడ్జి. తీగల కింది కొసలను పట్టుకునే ఇనుప పలక అది. దాని మీద తీగకు ఒకటి చొప్పున నాలుగు చిన్న దిమ్మెలు, వాటిని ముందుకూ వెనక్కూ జరపడానికి మరలు. మెడ పై కొస నుంచి ముప్పై నాలుగు అంగుళాల దగ్గర దిమ్మెలు నిలవాలి. నేను పలకను చెక్క మీద పెట్టి, పెట్టెలోంచి వచ్చిన దిమ్మెలు ఎక్కడున్నాయో చూసి, వాటిని కొలతకు సరిపెట్టి, పలక వెనక అంచున పెన్సిల్‌తో గీత గీశాను.

"ఈ గీత మీద బిగించు మామా. ఒక్క నూలు కూడా జరపొద్దు." వడ్రంగుల కొలతలో నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నాకూ మీ భాష వచ్చునని చూపించడానికి ఆ మాట వాడాను.

మర్నాడు మధ్యాహ్నం మామ ఫోన్ చేశాడు. కొట్టులో జనం ఉన్నారు. కట్ చేశాను. మళ్ళీ చేశాడు. ముప్పై నాలుగు మంచి కొలత కాదు, లక్ష్మి నిలవదు, కాస్త జరుపుదామా అని అడుగుతాడని నాకు ముందే తెలుసు. మూడోసారి కూడా కట్ చేశాను.

సాయంత్రం వెళ్ళి చూస్తే పలక నా గీతకు రెండు నూళ్ళు వెనక, ఆయన గీసుకున్న ఇంకో గీత మీద బిగించి ఉంది. స్టూలు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు. నేను ఆగలేదు.

"మామా, ఇది గిటారు, తలుపు కాదు. నీ లక్ష్మినీ నీ రోగాన్నీ దీని మీదికి తేవద్దు."

"అది కాదు అల్లుడా, ఈ ఇనుము ఉండాది చూడు…"

"నువ్వేం నేర్పొద్దు. తలుపులు చేసుకునేవానికి పాటతో ఏం పని?"

ఆడవాళ్ళు నవ్వారు. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని గిటార్ నా చేతికిచ్చాడు. గెలిచాననుకుంటూ ఇంటికి వచ్చాను. ఆయన వేసిన ఐదు మరలూ పీకేసి, ఆ కంతల్లో అగ్గిపుల్లలూ జిగురూ కుక్కి, నా గీత మీద నా చేత్తో కొత్త కంతలు వేశాను.

ఆదివారం ఉదయం అదియమాన్‌కోట్టైలో ట్రూపు పెద్దగారింటి మేడ మీద రిహార్సల్. కొత్త పెళ్ళికొడుకులా గిటార్ మెడకు తగిలించుకుని నిలబడ్డాను. ఊరికే మీటితే తీగలు నాలుగూ చక్కగా పలికాయి. వేలు పైమెట్లకు, అంటే గిటార్ మెడ మీద ఒంటికి దగ్గరగా ఉన్న అడ్డు కమ్ముల వైపు, పాకేకొద్దీ స్వరం పెరిగిపోయి, పాట ఒక దారిని, నేను ఒక దారిని పోసాగాం. గాయని పాడడం ఆపి నా వైపు చూసింది.

"పన్నెండో మెట్టు నొక్కు" అన్నాడు పెద్ద. అక్కడ నొక్కితే వినిపించేది ఊరికే మీటినప్పటి స్వరమే కావాలి, ఒక స్థాయి పైన. నాది ఇంకాస్త పైకి ఎగబాకింది. "తీగ పొట్టిగా ఉంది. దిమ్మెలు వెనక్కి జరుపు."

మర తిప్పబోయాను. తిరగలేదు. దిమ్మెలు నాలుగూ పెట్టెలోంచి వచ్చినప్పుడే చివరిదాకా వెనక్కి ఉన్నాయి. ఇంక జరగడానికి చోటే లేదు.

"ఎవరు బిగించారు దీన్ని?"

"ఒక వడ్రంగి అన్నా. తలుపులు చేసుకునేవాడు."

నోరు ఒక్క క్షణం కూడా తడబడలేదు. "మంచివాడి దగ్గర చేయించుకో తంబీ" అని ఆయన ఎడమచేత్తో బేస్ వాయిస్తూ రిహార్సల్ నడిపించాడు. నేను స్పీకర్ పక్కన కూర్చున్నాను, ఐదేళ్ళుగా కూర్చున్న చోటే.

సోమవారం మామ దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఆయన పలక విప్పి అగ్గిపుల్లలను చూశాడు. వాటి మీద వేలు పెట్టి రుద్దాడు. కోప్పడి ఉంటే నాకు బాగుండేది.

"ఈ దిమ్మెలు ముందుకీ ఎనక్కీ పోయేదానికే కదా మర పెట్టినారు? నీ గీత మీద పెడితే ఎనక్కి పోను ఎడం లేదు. తలుపు గడియకైనా రెండు పక్కలా ఎడం ఉండాల. అడిగేదానికే ఫోన్ చేసినాను, మూడు తూర్లు. నువ్వు ఎత్తలేదు."

"మరి కొలత… లక్ష్మి అదీ…"

"పాటకు ఏం లక్ష్మిరా? అది వాకిలికి."

తప్పయింది మామా అనాలి. ఎప్పటికి అవుతుందని అడిగాను. ఆయన పనసతో సన్నటి మేకులు చెక్కి, నావీ తనవీ కంతలన్నీ పూడ్చి, జిగురు ఆరేదాకా రెండు రోజులు ఉంచుకుని, మళ్ళీ తన గీత మీదే బిగించి ఇచ్చాడు. ఇంట్లో దిమ్మెలు జరిపి చూసుకున్నాను. పన్నెండో మెట్టు దగ్గర తీగ తీగా సరిపోయింది. సంతోషమూ సిగ్గూ కలిసి వచ్చాయి. సిగ్గును పక్కకు నెట్టేశాను.

పెన్నాగరం కల్యాణ మంటపంలో పాటలకు ముందు ట్రూపు పెద్ద నా గిటార్ తీసుకుని పైమెట్ల దాకా మీటి చూశాడు.

"బ్రహ్మాండం. ఇప్పుడు ఎవరు బిగించారు?"

"నేనే అన్నా. ఆ వడ్రంగిది పీకేసి నేనే బిగించుకున్నాను."

మూడో పాట అయ్యాక ఆయన మైకులో ప్రకటించేశాడు. ఈ గిటార్ కొన్నది కాదు, మా తంబీ మొత్తం తన చేతులతో చేసుకున్నది అని. చప్పట్లు మోగాయి. వంగి దండం పెడుతూ చూస్తే మూడో వరసలో మామ! పెళ్ళికూతురి ఇంటి తలుపులన్నీ ఆయనవే, అందుకని పిలిచారట. చేతులు పైకెత్తి మరీ కొడుతున్నాడు.

భోజనాల దగ్గర నేను తప్పించుకుని పోతుంటే ఆయనే చెయ్యి పట్టుకుని ఆపాడు. పక్కనున్న మనిషితో అరవంలో గర్వంగా చెప్పాడు. "మా అల్లుడు. తానే చేసుకున్నాడు."

ఆ చోటు నాకు దక్కింది. ఇప్పటికీ నాదే. ఎవరు అడిగినా నేనే చేశానంటాను, ఒకసారి అన్నాక ఇంకెలా అంటాను? చెమటకు బ్రిడ్జి మరలు తుప్పు పట్టాయి. విప్పి మార్పించమని పెద్ద ఎప్పటినుంచో పోరుతున్నాడు. రేపు, ఎల్లుండి అంటూ గడుపుతున్నాను. ఆ పలక కింద రెండు పెన్సిల్ గీతలు ఉన్నాయి, నా గీత మీద ఆయన పనస మేకులతో నున్నగా పూడ్చిన ఐదు కంతలు ఉన్నాయి. విప్పితే దాన్ని చేసింది ఎవరో ఎవరికైనా తెలిసిపోతుంది.