లేవని మడమ

ఆ సంగతి ముందుగా నాకు చెప్పింది, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలు. పులికాట్ ఒడ్డు నుంచి చేపల గంపతో వచ్చి, మా వాకిట్లో కూలబడింది.

"మ్మే, నీ మొగుడు పడవెక్కేటప్పుడు కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంటా ఉండాడు. చూసినావా?"

నేను చూడలేదు. వల లాగుతూ బురదలో జారిపడినప్పటి నుంచి ఆయన మోకాలికి నాటుకట్టు ఉండింది. వెదురు బద్దలు, కోడిగుడ్డు సొన పట్టించిన గుడ్డ. మా వాళ్లకు కాలు నొప్పంటే ముందు ఆ కట్టే. నడుస్తున్నాడు గదా, నయమవుతోందనుకుని రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాను.

"నాకన్నా నిటారుగా నడిచేవాడు ఊళ్లో ఎవడుండాడు వదినా?" అన్నాడాయన ఇంట్లోంచి వస్తూ.

"నిలబడింది వెదురుబద్ద, నువ్వు కాదు అబ్బయ్యా. పోయి చూపించుకో."

మర్నాడు నెల్లూరు బస్సెక్కాం. ఆసుపత్రిలో కట్టు విప్పి ఎక్స్‌రే తీశారు. ఎముక బాగానే ఉందంటే నా ప్రాణం కుదుటపడింది. అంతలో డాక్టరమ్మ ఆయన్ని పడుకోబెట్టి, "మోకాలు వంచకుండా కాలు పైకెత్తండి" అంది.

ఆయన పళ్లు బిగించాడు. తొడ వణికింది. మడమ మాత్రం పరుపును వదల్లేదు. మోకాటి చిప్పకు పైన ఆమె వేలు పెట్టి నొక్కితే అక్కడ గుంట తగిలింది.

"తొడ కండను చిప్పకు పట్టి ఉంచే టెండన్ తెగినట్టుంది. తాడు లాంటిదనుకోండి. ఆలస్యమయ్యేకొద్దీ కొస పైకి ముడుచుకుపోతుంది, కుట్టడం కష్టమవుతుంది."

స్కానింగ్‌లోనూ అదే తేలింది. వలతాళ్లు ముడేసుకుంటూ బతికిన మనిషి, ఇంకేమీ అడగకుండా ఆపరేషన్‌కు తలూపాడు.

ఆ తర్వాతి నెలలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు బరువెక్కుతుంది. లేపడం, స్నానం చేయించడం, కాలు ఎత్తమని నేను పోరడం, ఆయన విసుక్కోవడం. దేవుడి ముందు కూర్చుంటే స్తోత్రం సగంలోనే కునుకు పట్టేది. స్వామి అర్థం చేసుకునే ఉంటాడు.

ఒక సాయంత్రం చాప మీద మడమ లేచింది. కింద చిన్న చేప దూరేంత సందు, అంతే. మళ్లీ పడవెక్కే సంగతి ఇంకా తెలీదు. ఆ సందు చాలనుకుని కళ్లు తుడుచుకున్నాను.

అక్క అక్కడే ఉంది. చూసి, గుమ్మం పట్టుకుని మెల్లగా లేచింది. ఆమెకు రెండు మోకాళ్లూ నొప్పే. డాక్టరమ్మ దగ్గరికి పోదాం రమ్మంటే, "నావి ఇంకా నా మాట వింటున్నాయిలే మ్మే" అని గంప నెత్తికెత్తుకుంది.

మీరు దీపం పెట్టుకునేటప్పుడు మా అక్క మోకాళ్ల కోసం కూడా ఒకసారి మొక్కుకోండి.